రెండు దేశములు – ఒక చరిత్ర పుస్తకము

బడిలో ఒక చరిత్ర, ఇంటిలో ఒక చరిత్ర వినుచు పెరుగు పిల్లలు మనవారు. ఇట్టి చిక్కు ఫ్రాన్సు, జర్మనీల నడుమ ఎంత ముదిరినదో చూడుడు.

1871లో ఓడిన ఫ్రాన్సు అల్సాసును, లొరేనులో కొంత భాగమును జర్మనీకి వదలుకొన్నది. ఫ్రెంచి బడుల పటములలో ఆ సీమకు వేరు రంగు వేసి, పోయిన సొత్తని పిల్లలకు చూపెడివారు. జర్మను బడులలో అదే సీమ తిరిగివచ్చిన సొత్తు! 1914 యుద్ధము బడిలో పుట్టినదని నేననను. దానికి వలసిన పగ మాత్రము అక్కడ పెరిగినది.

రెండవ ప్రపంచ యుద్ధమైన పిదప గాని చదువు దేనికన్న ప్రశ్న గట్టిగా తలకెక్కలేదు. 1951లో ఉభయ దేశముల చరిత్రకారులు కూర్చుండి, 40 వివాదాంశములపై ఒడంబడికకు వచ్చినారు. జర్మనుల పక్షమున పూనుకొన్నవాడు గేయార్గ్ ఎకర్ట్ అను చరిత్ర బోధకుడు.

2003లో ఉభయ దేశముల విద్యార్థులే కోరగా, 2006లో ఒకే చరిత్ర పాఠ్యపుస్తకము రెండు భాషలలో వెలువడినది. అభిప్రాయము కలియని చోట రెండు వాదములను పక్కపక్కన అచ్చువేసినారు.