తొలి తెలుగు టాకీ: తేదీ, ఆధారం, చరిత్ర రచన

తెలుగు సినిమా చరిత్ర రచనలో దీర్ఘకాలం ప్రశ్నకు గురికాని అంశం ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీ. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో బొంబాయిలో నిర్మితమైన ఈ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైందని అనేక రచనలు ఒకదానినొకటి అనుసరిస్తూ పేర్కొన్నాయి.

పాత్రికేయ పరిశోధకుడు రెంటాల జయదేవ ఈ తేదీని మూలాధారాలతో సరిచూశారు. చిత్రానికి సెన్సార్ ధ్రువీకరణ 1932 జనవరి 22న లభించిందనీ, బొంబాయి కృష్ణా సినిమా థియేటర్‌లో ఫిబ్రవరి 6న విడుదలైందనీ నిర్ధారించారు. ఆయన గ్రంథం ‘మన సినిమా... ఫస్ట్ రీల్’ దక్షిణాది తొలి టాకీలపై ఈ అన్వేషణను విస్తరించింది.

ఈ సవరణ కొన్ని నెలల తేడాకే పరిమితం కాదు. పాత తేదీ ప్రకారం ‘భక్త ప్రహ్లాద’, 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైన ‘కాళిదాస్’ కంటే ముందుది. కొత్త తేదీ ప్రకారం తరువాతిది. మొదటి సంపూర్ణ తెలుగు టాకీ అన్న స్థానం ‘భక్త ప్రహ్లాద’కే నిలుస్తుంది. అయితే తమిళంతో పాటు తెలుగూ వినిపించిన ‘కాళిదాస్’ దానికి పూర్వచరిత్ర అవుతుంది. అంటే, టాకీ తొలినాళ్లలో భాషల మధ్య నేటి సరిహద్దులు లేవని గుర్తించవలసి ఉంటుంది.

తాళపత్ర పాఠపరిష్కరణలో ఒకే మాతృక నుండి పుట్టిన పది ప్రతులను పది సాక్ష్యాలుగా లెక్కించరు. సినిమా చరిత్రకూ ఇదే నియమం వర్తించాలి. పునరుక్తి ఆధారం కాదు. పత్రికా ప్రకటన, సెన్సార్ పత్రం వంటి సమకాలిక ఆకరాలే ప్రజారంజక కళల చరిత్రకు పునాది.