సంతకాలవాళ్ళు, క్లాజులవాళ్ళు

బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసిన కథ ఎప్పుడూ ఒకేలా చెప్తారు. విల్బర్‌ఫోర్స్ అనే మంచి మనిషి పార్లమెంటులో ఏళ్ళ తరబడి మాట్లాడాడు, చివరికి దేశం మనసు కరిగింది. సినిమాకి సరిపోతుంది. కానీ 1833 చట్టం తీసి చూస్తే, కరిగిన మనసు కంటే గట్టి బేరమే ఎక్కువ కనిపిస్తుంది.

1787 మేలో లండన్‌లోని ఒక ప్రింటింగ్ షాపులో పన్నెండు మంది కమిటీగా ఏర్పడ్డారు. అందులో తొమ్మిది మంది క్వేకర్లు. ప్రమాణం చెయ్యడానికి వాళ్ళ మతం ఒప్పుకోదు కాబట్టి పార్లమెంటులో కూర్చునే వీలు కూడా లేనివాళ్ళు. ఇవాళ ప్రెషర్ గ్రూపులు చేసే పనులు చాలావరకు వాళ్ళు అప్పుడే చేసేశారు. థామస్ క్లార్క్‌సన్ గుర్రమెక్కి రేవు పట్టణాలు తిరుగుతూ నావికుల సాక్ష్యాలు పోగేశాడు. వెడ్జ్‌వుడ్ సంకెళ్ళతో మోకరిల్లిన మనిషి బొమ్మతో పతకాలు చేయించాడు. అవి నగల్లోకీ ఎక్కాయి. బానిసలు పండించిన పంచదార మానేద్దామని 1791లో ప్రచారం మొదలైంది. మరుసటేడు పార్లమెంటుకి 519 పిటిషన్లు చేరాయి.

ఫలితం? హెన్రీ డండాస్ తీర్మానంలో 'క్రమంగా' అన్న మాట చేర్చాడు. 230–85 ఓట్లతో నెగ్గింది. బానిసల వ్యాపారం మాత్రం ఇంకో పదిహేనేళ్ళు నడిచింది.

దాన్ని నిజంగా దెబ్బ తీసింది 1806 నాటి ఓ చప్పటి బిల్లు. జేమ్స్ స్టీఫెన్ అనే లాయరు ఆలోచన అది: శత్రుదేశాల వలసలకి బ్రిటిష్ వ్యాపారులు బానిసల్ని చేరవెయ్యకూడదు. చూడ్డానికి యుద్ధకాలపు వాణిజ్య నిబంధన, అంతే. విల్బర్‌ఫోర్స్ కావాలనే వెనక ఉండిపోయాడు. మా భాషలో చెప్పాలంటే, కోడ్ రివ్యూలో ఎవరూ తెరిచి చూడని ఫైల్లో చేసిన మార్పు. వ్యాపారంలో పెద్ద భాగం దాంతోనే పోయింది. 1807లో పూర్తి నిషేధం వచ్చింది.

అయితే వ్యాపారం ఆగింది కానీ బానిసత్వం ఆగలేదు. 1831 చివర్లో జమైకాలో బానిసలు పెద్ద ఎత్తున తిరగబడ్డారు. ఈ చరిత్రలన్నిటిలో వాళ్ళకి దొరికే చోటు ఎప్పుడూ ఒక పేరానే. నేనూ ఇక్కడ అంతకన్నా ఎక్కువ ఇవ్వడం లేదు. 1833లో పిటిషన్లు వేలల్లో వచ్చాయి. ఆడవాళ్ళు సంతకాలు చేసిన ఒక్క పిటిషన్లోనే 1,87,000 పేర్లు. దాన్ని సభలోకి మోసుకురావడానికి కొంతమంది మగవాళ్ళు కావాల్సొచ్చింది.

అదే సమయంలో వెస్టిండియా తోటల యజమానుల సంఘం మంత్రులతో నేరుగా కూర్చుని మాట్లాడుతోంది. వాళ్ళకి ఊరేగింపులు అక్కర్లేదు, సభలో సొంత మనుషులున్నారు. మంత్రి స్టాన్లీ మొదట చెప్పింది యజమానులకి 15 మిలియన్ పౌండ్ల అప్పు. బేరం పూర్తయ్యేసరికి అది 20 మిలియన్ల నష్టపరిహారం అయింది, తిరిగి కట్టక్కర్లేదు. ప్రభుత్వ ఏడాది ఖర్చులో సుమారు 40 శాతం! విడుదలైన దాదాపు ఎనిమిది లక్షల మందికి దమ్మిడీ లేదు. పైగా 'అప్రెంటిస్‌షిప్' పేరుతో పాత యజమాని దగ్గరే కొన్నేళ్ళు జీతం లేని పని. దాన్ని పన్నెండేళ్ళ నుంచి ఆరుకి తగ్గించడం మాత్రం ఉద్యమకారుల గెలుపు. తర్వాత మళ్ళీ పోరాడి 1838లోనే ఆపించారు. అది చిన్న విషయమని నేననను. కానీ ఆ 20 మిలియన్లకోసం చేసిన అప్పు తాలూకు చివరి బాకీ బ్రిటిష్ ఖజానా తీర్చింది 2015లో. బానిసల వారసులు కూడా పన్నులు కట్టి ఆ బాకీ తీర్చారన్నమాట.

మనకి సంబంధించిన సెక్షన్ కూడా ఉంది అందులో. ఈస్ట్ ఇండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకి ఈ చట్టం వర్తించదని రాశారు. ఇక్కడ చట్టం రావడానికి 1843 దాకా పట్టింది. ఈలోగా, పరిహారం అందుకున్న మారిషస్ తోటలవాళ్ళు 1834 నుంచే ఇండియా కూలీల్ని ఒప్పందాల మీద తెప్పించుకోవడం మొదలుపెట్టారు. ఆ ఓడలు గోదావరి పక్కనున్న కోరంగి రేవు నుంచి కూడా వెళ్ళాయి. మారిషస్‌లో తెలుగువాళ్ళని కోరింగీలు అనడం అలా వచ్చిందే.