పేనుకొరుకుడు: ఒక రోగనామం, దాని చికిత్సా చరిత్ర

పల్నాటిలోని దాచేపల్లి మొదలుకొని తెలుగునేల అంతటా, తలపై రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు హఠాత్తుగా ఊడి నున్నబడే వ్యాధిని 'పేనుకొరుకుడు' అంటారు. ఈ వ్యాధికి పేను కారణం కాదు. శరీర రక్షణ కణాలే వెంట్రుక కుదుళ్లపై దాడి చేయడం వల్ల ఇది కలుగుతుందని నేటి వైద్యం చెబుతుంది.

జంతువుపై నేరం మోపడం తెలుగువారికే పరిమితం కాదు. గ్రీకు 'అలొపీసియా' శబ్దానికి మూలం నక్క. గజ్జి పట్టిన నక్కకు బొచ్చు రాలడమే అందుకు ఆధారం. మెడ వెనుక నుండి చెవుల వైపు పాకే రూపాన్ని క్రీ.శ. 1వ శతాబ్దిలో సెల్సస్ పాము పేరుతో 'ఒఫియాసిస్' అన్నాడు. 19వ శతాబ్ది చివరలో సైతం ఐరోపా వైద్యులు ఇది పరాన్నజీవి పనా, నాడీదోషమా అని వాదించుకున్నారు. కనుక పేనును నమ్మిన పల్లెను ఎగతాళి చేయనక్కరలేదు.

సంస్కృత వైద్యగ్రంథాలలో దీని పేరు 'ఇంద్రలుప్తం'. పిత్తం వాతంతో కూడి వెంట్రుకలను రాల్చగా, రక్తంతో కలిసిన కఫం రోమకూపాలను మూసివేస్తుందని సుశ్రుతుని వివరణ. ఆయనకు ఖాలిత్యం దీనికి పర్యాయమే. వాగ్భటుడు మాత్రం ఖలతిలో వెంట్రుకలు క్రమంగా రాలుతాయని వేరుచేశాడు. వంశపారంపర్యపు బట్టతలను పేనుకొరుకుడు నుండి విడదీసే నేటి వర్గీకరణకు ఈ పరిశీలన చాలా దగ్గరిది.

చికిత్సలో సుశ్రుతుడు చర్మాన్ని గీరి గురివింద ముద్దను పూయమన్నాడు. గురివింద గింజను అరగదీసి పూసే తెలుగు గృహవైద్యం ఆ కోవలోనిదే. గింజలోని అబ్రిన్ తీవ్ర విషం. గీరిన చర్మంపై దాని వాడకం ప్రమాదకరం. అయినా ఈ చికిత్స నిలిచింది. చిన్న మచ్చలలో అనేకం ఏడాదిలోపు తమంతట తామే పూడుకోవడం అందుకు ప్రధాన కారణం కావచ్చు. ఫలితం కాలానిది, కీర్తి గురివిందకు దక్కింది. తీవ్రరూపానికి బారిసిటినిబ్ మాత్రను అమెరికా ఔషధ సంస్థ ఆమోదించింది 2022లోనే.

కుదుళ్లు నశించి మచ్చకట్టిన తలపై మళ్లీ వెంట్రుక రాదు. అక్కడే సూదితో రంగుచుక్కలు పొడిచి, పొట్టిగా గొరిగిన జుట్టు భ్రాంతిని కల్పించే పద్ధతికి స్థానం ఏర్పడింది. యంత్రం కొత్తదే గాని, పని మన పచ్చబొట్టుదే. ఎరుకల స్త్రీలు పొడిచిన పచ్చబొట్టు కనిపించడానికి, ఇది కప్పిపుచ్చడానికి. రోగం ఇంకా పాకుతున్న తలపై ముందుగా రంగు పొడిస్తే, చుట్టూ జుట్టు ఊడినప్పుడు ఆ చుక్కలే బయటపడతాయి.