పాఠం ఎవరి దాకా వచ్చింది?

ఏప్రిల్ 14 వచ్చిందంటే ఫైర్ స్టేషన్ వాళ్లు ఎర్రబండి వేసుకుని బడులకూ అపార్ట్‌మెంట్లకూ వస్తారు. మా వీధిలో ఓసారి గ్యాస్ సిలిండర్‌ను అంటించి, చూస్తున్న ఆడవాళ్లలో ఒకామెను ముందుకు పిలిచారు. తడిపిన గోనెసంచి చేతికిచ్చారు. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. “గాలి మీ వీపు వైపు నుంచి రావాలమ్మా. సంచి మీకు అడ్డంగా పట్టుకోండి. పైకి వంగొద్దు” అన్నాడు ఫైర్‌మన్. ఆమె సంచి కప్పి వాల్వు తిప్పింది. మంట ఆరిపోయింది. “ఇంతేనా!” అంది. ఏళ్ల తరబడి ఆ సిలిండర్ పక్కనే వంట చేస్తున్న మనిషికి ఆ ముక్క అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

భద్రతా శిక్షణ చరిత్ర చదువుతున్నప్పుడల్లా నాకు ఆమె ముఖమే గుర్తొస్తుంది. ఏం నేర్పారన్నది పుస్తకాల్లో దొరుకుతుంది. ఎవరికి నేర్పారన్నదే అసలు సంగతి.

మంటలార్పడం ఒక విద్య అని నిరూపించినవాళ్లలో ఒకడు ఎడిన్‌బరోకు చెందిన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్. 1824లో ఆ నగర అగ్నిమాపక దళానికి అధిపతి అయ్యాడు. తాపీ పనివాళ్లనూ వడ్రంగులనూ పైకప్పులు వేసేవాళ్లనూ ఏరి చేర్చుకున్నాడు. ఇల్లు కట్టినవాడికే అది ఎటు కూలుతుందో తెలుస్తుందని ఆయన లెక్క. చీకటి వదలకముందే వాళ్లచేత కసరత్తు చేయించేవాడు. పొగలో నేలకు ఆనుకుని పాకమన్నాడు. నేల దగ్గరే ఊపిరాడే గాలి మిగులుతుందన్న ఆ మాట నేటికీ ప్రతి శిక్షణ తరగతిలో వినిపిస్తుంది. 1861లో లండన్ టూలీ వీధి అగ్నిప్రమాదంలో గోడ కూలి ఆయన పనిలోనే పోయాడు.

మన దేశంలో మలుపు బొంబాయి రేవులో వచ్చింది. 1944 ఏప్రిల్ 14 మధ్యాహ్నం విక్టోరియా డాక్‌లో ఆగిన ఫోర్ట్ స్టికిన్ ఓడలోంచి పొగ లేచింది. లోపల పత్తి బేళ్లు, వాటితోపాటు సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు. దళం వచ్చి రెండు గంటలపాటు నీళ్లు కొట్టింది. ఓడను సముద్రంలోకి లాగాలా, ఉన్నచోటే ముంచాలా అన్నది ఎవరూ తేల్చలేకపోయారు. నాలుగు దాటి ఆరు నిమిషాలకు ఓడ పేలింది. అరగంటలోపే మళ్లీ పేలింది. గొట్టాలు వదలకుండా నిలబడిన అగ్నిమాపక సిబ్బంది 60 మందికి పైగా పోయారు. వాళ్ల జ్ఞాపకంగానే ఏటా ఏప్రిల్ 14న ఎర్రబండి మన వీధుల్లోకి వస్తుంది. వాళ్ల ధైర్యంలో లోటు లేదు. లోటల్లా నిర్ణయంలో ఉంది. అందుకే అగ్నిమాపక అధికారికి నీళ్లు కొట్టడం కంటే ముందు నేర్పాల్సింది నిర్ణయం అని నేను నమ్ముతాను.

అధికారులకు దేశమంతటికీ ఒక బడి రావడానికి ఇంకా పన్నెండేళ్లు పట్టింది. జాతీయ అగ్నిమాపక కళాశాల 1956లో రాంపూర్‌లో మొదలై, మరుసటి ఏడే నాగపూర్‌కు మారింది. ఇప్పుడు మనకు హైదరాబాద్ పక్కన వట్టినాగులపల్లిలోనూ శిక్షణ కేంద్రం ఉంది.

గనుల కథ వేరు. ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైన నాటి నుంచి గనిలో చదువంటే పాత కార్మికుడి వెనక కొత్తవాడు నడవడమే. కర్రతో పైకప్పును తట్టి చప్పుడు వినేవారు. గట్టిగా మోగితే సరే, డొల్లగా మోగితే వెనక్కి. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలతో, దిగే ముందే కొత్త కార్మికుడు తరగతిలో కూర్చోవడం తప్పనిసరైంది. సింగరేణి ఊళ్లలో ‘వీటీసీ’ (వృత్తి శిక్షణ కేంద్రం) అంటే తెలియని ఇల్లుండదు. నేర్చుకునేవాడు కార్మికుడే అయిన కొద్ది చోట్లలో గని ఒకటి. అందుకే దాన్ని గౌరవిస్తాను.

ఫ్యాక్టరీల్లో అలా జరగలేదు. మంట లేస్తే ఎటు పోవాలో కార్మికులకు నేర్పాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 38వ సెక్షనే చెప్పింది. నేర్పే మనిషి ఎవరన్నది మాత్రం 1976 దాకా తేలలేదు. ఆ ఏటి సవరణతో వెయ్యి మంది పనిచేసే ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసర్ ఉండాలన్నారు. అక్కణ్ణుంచి భద్రత ఒక ఉద్యోగమైంది, దానికో డిప్లొమా వచ్చింది. చిన్న ఫ్యాక్టరీ కార్మికుడికి ఏమీ రాలేదు.

1984 డిసెంబరులో భోపాల్. గాలిలో కలిసిందేమిటో చుట్టుపక్కల బస్తీలకు తెలియదు. పరుగెత్తినవాళ్లు మరింత విషం పీల్చారు. ఆ తర్వాత 1987 సవరణలో, ప్రమాదకర పదార్థాల గురించి కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికి కూడా చెప్పాలని రాశారు. 33 ఏళ్ల తర్వాత, 2020 మే 7 తెల్లవారుజామున, విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఇళ్లలోకి చేరింది. సైరన్ మోగలేదు. జనం నిద్రలోంచి లేచి దిక్కుతోచక పరుగెత్తారు, దారుల్లోనే పడిపోయారు. కనీసం పన్నెండు మంది చనిపోయారు. ఆ ఊరికి ముందే ఒక్క రిహార్సల్ చేయించి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

ఈలోగా భద్రత చదువు మాత్రం పెరిగింది. కొచ్చిన్‌లో బీటెక్, బ్రిటన్‌లో 1979లో పుట్టిన నెబోష్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్. గల్ఫ్ కంపెనీలు అడుగుతున్నాయని మన పట్టణాల్లో ఫైర్ అండ్ సేఫ్టీ కోర్సులు వెలిశాయి. గోదావరి జిల్లాల నుంచీ కరీంనగర్ నుంచీ వెళ్లిన కుర్రాళ్లు రిఫైనరీల్లో పచ్చ హెల్మెట్లతో బతుకు తెరువు చూసుకున్నారు. అదేం చిన్న విషయం కాదు.

కిందటేడు ఒక పారిశ్రామికవాడలో ఉదయం షిఫ్టు ముందు టూల్‌బాక్స్ టాక్ అనే చిన్న భద్రతా పాఠం చూశాను. కుర్ర ఆఫీసర్ తెలుగులో శ్రద్ధగా చెబుతున్నాడు. ట్యాంకులో దిగే ముందు గ్యాస్ టెస్ట్ ఎందుకో, పైన కాపలా మనిషి ఎందుకు కదలకూడదో. ఎదురుగా నిలబడ్డ పాతికమందిలో సగం మంది ఒడిశా, బీహార్ కాంట్రాక్టు కూలీలు. చివరి వరసలో ఒకడు పక్కవాడి చెవిలో హిందీలో ఏదో అడిగాడు. పక్కవాడు భుజాలు ఎగరేశాడు. రిజిస్టరు చేతులు మారుతూ వచ్చింది. ఇద్దరూ సంతకం పెట్టి, హెల్మెట్ పట్టీ బిగించుకుని లోపలికి వెళ్లారు.