పని పోతే పైసలు: ఈఎస్ఐలో మనకు తెలియని చరిత్ర

కిష్టారెడ్డిపేటలోని మా రూమ్ నుంచే మాట్లాడుతున్నా. 2020 లాక్‌డౌన్‌లో ఇదే రూమ్‌లో ముగ్గురం ఉండేవాళ్లం. ముగ్గురికీ పని పోయింది. అన్‌లాక్ అయ్యాక పాశమైలారంలో గేటు గేటుకూ తిరిగాను. "ఎవరన్నా తెలిసినోళ్లు ఉన్నారా లోపల?" అన్నదే మొదటి ప్రశ్న.

నెలనెలా నా జీతంలో కట్ అయిన ఈఎస్ఐలో, పని పోతే ఇచ్చే భత్యం కూడా ఉందని అప్పుడు నాకు తెలియదు. ఈఎస్ఐ అంటే దవాఖానా అనే అనుకున్నా.

అలా అనుకోవడానికి కారణం ఉంది. బ్రిటన్ తన కార్మికుల్లో కొందరికి 1911లోనే నిరుద్యోగ బీమా పెట్టింది. మనల్ని ఏలుతున్న రోజుల్లోనే! మన దగ్గర 1944లో బి.పి. అదార్కర్ నివేదిక వచ్చింది. అది ఆరోగ్య బీమా గురించే. 1948 ఈఎస్ఐ చట్టం కూడా అదే దారిలో నడిచింది. రాజ్యాంగం 41వ అధికరణంలో నిరుద్యోగులకు సాయం అనే మాట ఉంది కానీ, అది ఆదేశిక సూత్రం. కోర్టుకెళ్లి అడగలేం.

చట్టం వచ్చిన 57 ఏళ్లకు, 2005 ఏప్రిల్ 1న, రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్ చేసినా భత్యం. 2018 జూలై 1 నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. సగటు రోజు జీతంలో 25 శాతం, 90 రోజుల దాకా, జీవితంలో ఒక్కసారి.

కానీ ఆ క్లెయిమ్ పాత యజమాని ద్వారానే వెళ్లాలి. తీసేసినాయన దగ్గరికే పోయి "సార్, తీసేశారని రాసివ్వండి" అనాలన్నమాట. మా కాంట్రాక్టర్ అయితే ఫోనే ఎత్తలేదు.

2020లో ఇది మారింది. మార్చి 24 తర్వాత పని పోయినవాళ్లకు 50 శాతం. 90 రోజులు కాదు, 30 రోజులు ఆగితే చాలు. క్లెయిమ్ మనమే నేరుగా బ్రాంచ్ ఆఫీసుకు పెట్టుకోవచ్చు. నెలకు 15,000 జీతమైతే రోజుకు 250, మొత్తం 22,500. మా ముగ్గురికీ అది అద్దె, బియ్యం.

నాకు తెలిసేసరికి 2021 వచ్చింది, వేరే పని కూడా దొరికింది. అయినా రికార్డు తీసి చూశా. రెండేళ్ల బీమాతో పాటు, పని పోవడానికి ముందటి ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా ఉండాలి. నేను రోజూ డ్యూటీకి పోయిన ఆ ఆరు నెలలకు కాంట్రాక్టర్ చూపించింది 61 రోజులే.

ఇప్పుడు ప్రతి ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో ఫోన్‌లో ఐపీ నంబర్ కొట్టి రోజులు లెక్కపెట్టుకుంటా. మీరూ ఇవాళ చూసుకోండి. ఈ స్కీమ్ గడువు పొడిగిస్తూ వచ్చారు కాబట్టి, అప్లై చేసే ముందు బ్రాంచ్ ఆఫీసులో ఒకసారి కనుక్కోండి.