ముట్లుడిగే వయసులో హార్మోను పరీక్షలు: పత్రంలోని అంకెలకు అర్థమేమిటి?

నెలసరి క్రమం తప్పడం, ఉన్నట్టుండి ముఖానికీ మెడకూ వేడి ఆవిర్లు ఎగదన్నడం, రాత్రివేళ చెమటపట్టి మెలకువ రావడం, కారణం లేకుండా చిరాకు కలగడం వంటి లక్షణాలు నలభై దాటిన స్త్రీలలో కనిపించినప్పుడు, చాలా కుటుంబాలు మొదట ఎండనో, ఉక్కనో, పని ఒత్తిడినో కారణంగా భావిస్తాయి. కొంతకాలం గడచిన పిదప బరంపురంలోనో, ఇచ్ఛాపురంలోనో రక్తపరీక్ష చేయిస్తారు. చేతికి వచ్చే పత్రం ఆంగ్లంలో ఉంటుంది. ఒకటి రెండు అంకెల పక్కన ‘ఎక్కువ’ అనో ‘తక్కువ’ అనో గుర్తు ఉంటుంది. ఆ గుర్తును చూసి భయపడేవారూ, గుర్తు లేదని నిశ్చింతగా ఉండిపోయేవారూ ఇద్దరూ పొరపడే అవకాశం ఉంది. ఈ దశలో ఒక్కసారి తీసిన రక్తంలోని హార్మోను అంకె కంటె స్త్రీ వయసు, నెలసరి తేదీల పట్టిక ఎక్కువ సంగతులు చెబుతాయి.

శరీరంలో జరిగే మార్పు

మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోనును విడుదల చేసి, అండాశయాలలోని అండాలను ఎదిగిస్తుంది. అండాశయాలు బదులుగా ఈస్ట్రోజెన్, ఇన్‌హిబిన్ అనే పదార్థాలను స్రవించి, ఆ పిలుపును తగ్గించమని పీయూష గ్రంథికి తెలియజేస్తాయి. వయసు పెరిగి అండాల సంఖ్య తగ్గినకొద్దీ ఈ జవాబు బలహీనపడుతుంది. అప్పుడు పీయూష గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను మరింత పెంచుతుంది.

ఈ పెరుగుదల మెట్లెక్కినట్లు వరుసగా సాగదు. ఒక నెల అండాశయం చురుకుగా పనిచేస్తుంది, మరొక నెల మౌనం వహిస్తుంది. కొన్ని నెలలలో ఈస్ట్రోజెన్ యవ్వనంలో కంటె కూడా ఎక్కువగా ఉండవచ్చు. అందుచేత నలభై ఏడేళ్ల స్త్రీకి ఈ నెల ఎఫ్‌ఎస్‌హెచ్ 38 ఉండి, రెండు నెలల తరువాత 9కి దిగిపోవడం వింత కాదు. ఆ రెండు పత్రాలూ సరైనవే కావచ్చు.

వరుసగా పన్నెండు నెలలు నెలసరి రానప్పుడు మాత్రమే ముట్లు పూర్తిగా ఉడిగినట్లు పరిగణిస్తారు. భారతీయ స్త్రీలలో ఇది సగటున 46, 47 ఏళ్ల ప్రాంతంలో జరుగుతున్నదని అధ్యయనాలు చెబుతున్నాయి. పాశ్చాత్య దేశాలలో ఈ సగటు సుమారు 51 ఏళ్లు. అంతకు ముందు సాగే సంధి దశ కొందరికి ఏడాదిలో ముగుస్తుంది, కొందరికి అయిదారేళ్లు పడుతుంది.

వయసును బట్టి పరీక్ష అవసరం

45 ఏళ్లు దాటి, నెలసరి క్రమం తప్పి, వేడి ఆవిర్లు వస్తున్న ఆరోగ్యవంతురాలికి ఈ దశను నిర్ధారించడానికి హార్మోను పరీక్ష అక్కరలేదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2015లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ విషయాన్ని స్పష్టం చేశాయి. రెండు నెలసరుల మధ్య వ్యవధి తరచుగా ఏడు రోజులకు మించి అటూ ఇటూ అవుతుంటే తొలి దశ అనీ, అరవై రోజులు లేదా అంతకు మించి నెలసరి రాకుండా ఉంటే మలి దశ అనీ 2012లో అంతర్జాతీయ నిపుణులు వర్గీకరించారు.

40 నుంచి 45 ఏళ్ల మధ్య లక్షణాలు కనిపిస్తే ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష ఉపయోగపడవచ్చు. వైద్యులు దానితోపాటు ఇతర కారణాలను కూడా పరిశీలిస్తారు.

40 ఏళ్లలోపు స్త్రీకి నాలుగు నెలలుగా నెలసరి రాకపోయినా, బాగా క్రమం తప్పినా పరీక్ష తప్పనిసరి. ఎఫ్‌ఎస్‌హెచ్ 25కు మించి ఉంటే అండాశయాలు ముందుగానే అలసిపోయాయని అనుమానించాలి. సందేహం మిగిలితే నాలుగు నుంచి ఆరు వారాల తరువాత మళ్లీ పరీక్షించి నిర్ధారిస్తారు. ఈ స్థితిని తేలికగా వదిలివేస్తే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బులు రావడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. ఇటువంటివారికి సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేవరకు హార్మోను చికిత్స ఇవ్వడం సాధారణ వైద్య విధానం.

పత్రంలో కనిపించే పేర్లు

ఎఫ్‌ఎస్‌హెచ్: నెలసరి మొదలైన 2వ రోజు నుంచి 5వ రోజు లోపల తీసిన రక్తంలో చూడడం ఉత్తమం. ఎక్కువగా వాడుకలో ఉన్న పత్రాలలో నెలసరి తొలి సగానికి సుమారు 3 నుంచి 12, అండం విడుదలయ్యే రోజులకు 5 నుంచి 21, మలి సగానికి 2 నుంచి 8, ముట్లుడిగిన పిదప 25 నుంచి 135 వరకు అని ముద్రిస్తారు. ప్రయోగశాలను బట్టి ఇవి కొద్దిగా మారుతాయి. ఏ రోజు రక్తం తీశారో తెలియకపోతే ఏ వరుసతో పోల్చాలో తెలియదు. కనుక పత్రం మీద ఆ రోజును రాసి పెట్టుకోవాలి.

ఎస్ట్రాడియోల్: ఈస్ట్రోజెన్‌లలో ముఖ్యమైనది. ఈ దశలో దీని హెచ్చుతగ్గులు చాలా ఎక్కువ. ఇది అధికంగా ఉన్న రోజున ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గి, మామూలుగా ఉన్నట్లు కనిపిస్తుంది. కొన్ని ప్రయోగశాలలు దీనిని పికోగ్రాములలోను, కొన్ని పికోమోల్స్‌లోను ఇస్తాయి. మొదటిదానిని 3.67తో హెచ్చిస్తే రెండవది వస్తుంది. ఒకచోట 50, మరొకచోట 180 అని ఉంటే రెండూ ఇంచుమించు ఒకే కొలత.

ప్రొజెస్టెరాన్: ఆ నెలలో అండం విడుదలైందా లేదా తెలుసుకోవడానికి, రాబోయే నెలసరికి సుమారు వారం ముందు చూస్తారు. తేదీలే నిలకడగా లేనివారికి ఇది అంతగా ఉపకరించదు.

ఏఎమ్‌హెచ్: మిగిలిన అండాల నిల్వను సూచిస్తుంది. సంతాన చికిత్సలో దీనికి ప్రాధాన్యం ఉంది. ముట్లు ఎప్పుడు ఉడుగుతాయో ఖచ్చితంగా చెప్పే శక్తి దీనికి లేదు.

టీఎస్‌హెచ్: థైరాయిడ్ గ్రంథి పనితీరును తెలిపే పరీక్ష. మామూలు పరిమితి సుమారు 0.4 నుంచి 4 వరకు. నీరసం, బరువు పెరగడం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం, చెమటలు, గుండెదడ థైరాయిడ్ లోపాలలోనూ కనిపిస్తాయి. నలభై దాటిన స్త్రీకి ఒక్క పరీక్షకే డబ్బు ఉన్నదనుకుంటే ఎఫ్‌ఎస్‌హెచ్ కంటె ఇదే ఎక్కువ ప్రయోజనకరం, ఎందుకంటే ఇక్కడ బయటపడే లోపానికి మాత్రతో చికిత్స ఉంది.

హిమోగ్లోబిన్: 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. అధిక రక్తస్రావం ఉన్నవారు దీనిని తప్పక చూపించుకోవాలి.

అంకెలను తారుమారు చేసే మందులు

గర్భనిరోధక మాత్రలు వాడుతున్నంత కాలం ఎఫ్‌ఎస్‌హెచ్ అణగి ఉంటుంది. ప్రభుత్వ కేంద్రాలలో మూడు నెలలకొకసారి ఇచ్చే ‘అంతర’ సూదిమందు తీసుకున్నవారిలో నెలసరి ఆగిపోవడం సహజం. దానిని ముట్లుడగడంగా భావించరాదు. పెళ్లికో, ఠాకురాణీ యాత్రకో, తీర్థయాత్రకో నెలసరిని వాయిదా వేయడానికి మందుల దుకాణంలో కొని వేసుకునే మాత్రలు కూడా తేదీలను, పరీక్షను రెండింటినీ చెదరగొడతాయి.

కడుపు మంటకు వాడే కొన్ని మాత్రలలో డోంపెరిడోన్ కలిసి ఉంటుంది. అది ప్రొలాక్టిన్ అనే హార్మోనును పెంచి నెలసరిని ఆపగలదు. మానసిక వ్యాధులకిచ్చే కొన్ని మందులదీ ఇదే గుణం. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు ఎఫ్‌ఎస్‌హెచ్, టీఎస్‌హెచ్‌లను ఉన్నదానికంటె తక్కువగా, ఎస్ట్రాడియోల్‌ను ఎక్కువగా చూపవచ్చు. ఈ విషయమై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరిక జారీ చేసింది. రక్తం ఇచ్చే ముందు వైద్యుని అడిగి బయోటిన్‌ను రెండు మూడు రోజులు ఆపడం మంచిది. ఇతర మందులను సొంతంగా మానరాదు.

ఉద్దానం స్త్రీలు ప్రత్యేకంగా గమనించవలసినది

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం మండలాలతో కూడిన ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తారంగా ఉన్న సంగతి విదితమే. మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు ప్రొలాక్టిన్ పెరుగుతుంది, నెలసరి క్రమం తప్పుతుంది, రక్తహీనత, నీరసం వస్తాయి. ఇవన్నీ ముట్లుడిగే దశ లక్షణాలను పోలి ఉంటాయి. కనుక ఈ ప్రాంతపు స్త్రీకి హార్మోను పరీక్ష రాసినప్పుడు క్రియాటినిన్, మూత్ర పరీక్షలు కూడా జరిగాయో లేదో చూసుకోవాలి. కడుపునొప్పికీ, అధిక రక్తస్రావానికీ ఇచ్చే కొన్ని నొప్పి మాత్రలు మూత్రపిండాలకు హాని చేస్తాయి. ఇంట్లో ఎవరికైనా ఈ వ్యాధి ఉంటే ఆ మాట వైద్యునికి ముందే చెప్పాలి.

గర్భసంచి తీయించుకున్నవారి సంగతి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగింపు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 8.7 కాగా, దేశ సగటు 3.3 మాత్రమే. అంటే నెలసరి అనే గుర్తు యవ్వనంలోనే చెరిగిపోయిన స్త్రీలు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. వారిలో అండాశయాలు మిగిలి ఉంటే హార్మోన్లు మునుపటివలెనే స్రవిస్తాయి, అయితే సగటున కొంత ముందుగా తగ్గుతాయి. అండాశయాలు కూడా తీసివేసి ఉంటే ముట్లుడిగిన స్థితి శస్త్రచికిత్స జరిగిన నాటి నుంచే మొదలవుతుంది. ముప్పై అయిదేళ్లకే ఆ స్థితికి వచ్చిన స్త్రీ ఎముకల రక్షణకు వైద్య సలహా పొందవలసి ఉంటుంది.

ఇటువంటివారికి లక్షణాలు కనిపించినప్పుడు ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష నిజంగా అక్కరకు వస్తుంది. అయితే అంతకంటె ముందు తెలియవలసినది ఆ రోజు ఏమేమి తీశారన్నది. ఆ వివరం ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. ఆ కాగితాన్ని భూమి పత్రాలతో సమానంగా భద్రపరచడం కుటుంబ సభ్యుల బాధ్యత.

పత్రాన్ని చూసి తొందరపడరాని పనులు

హార్మోను అంకె ఎంత ఉన్నా, అది ఒక్కటే గర్భసంచి తీయడానికి కారణం కాదు. అధిక రక్తస్రావానికి మందులు, గర్భసంచిలో అమర్చే హార్మోను సాధనం వంటి మార్గాలు ముందున్నాయి. అనవసర శస్త్రచికిత్సల నివారణకు కేంద్ర ఆరోగ్య శాఖ రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. శస్త్రచికిత్స చేయించుకోమన్నప్పుడు మరొక వైద్యుని అభిప్రాయం అడగడం రోగి హక్కు.

ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువగా ఉన్నదని గర్భనిరోధక జాగ్రత్తలు మానరాదు. 50 ఏళ్లు దాటినవారు చివరి నెలసరి తరువాత ఒక ఏడాది, 50 లోపువారు రెండేళ్లు జాగ్రత్త కొనసాగించాలి. నెలసరి ఆలస్యమైనప్పుడు మొదట గర్భపరీక్ష చేయించడం ఏ వయసులోనైనా సరైన పద్ధతి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

ముట్లుడిగి ఏడాది దాటిన పిదప ఒక్క చుక్క రక్తం కనిపించినా వెంటనే స్త్రీవైద్యులను కలవాలి. అది మళ్లీ వచ్చిన నెలసరి కాదు, గర్భసంచి క్యాన్సరుకు సూచన కావచ్చు. అల్ట్రాసౌండులో లోపలి పొర మందం 4 మిల్లీమీటర్లకు మించితే ముక్కపరీక్ష అవసరమవుతుంది. నెలసరుల మధ్య, సంభోగం తరువాత రక్తం కనపడటం, ఏడు రోజులకు మించి సాగడం, గంటకొక ప్యాడ్ తడిసిపోవడం కూడా వైద్యుని వద్దకు వెళ్లవలసినవే. రాత్రి చెమటలతోపాటు జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. మధుమేహ మందులు వాడేవారికి చెమట, వణుకు, దడ వచ్చినప్పుడు మొదట రక్తంలో చక్కెర చూడాలి.

వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు

1936లో రాష్ట్ర సరిహద్దు మారినా, ఇచ్ఛాపురం వైపు గ్రామాలకు వైద్యం విషయంలో బరంపురమే దగ్గరి పట్టణం. 1962లో స్థాపితమైన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి అక్కడే ఉన్నది. ఒడియా మాట్లాడే వైద్యునితో నెలసరిని ‘మాసిక’ అంటే అర్థమవుతుంది. సిగ్గుపడి భర్త చేతనో, కుమారుని చేతనో చెప్పించడం కంటె, తేదీలు రాసిన కాగితాన్ని ఇవ్వడం మేలు.

గోడ క్యాలెండరులో ఆరు నెలల పాటు నెలసరి మొదలైన రోజు, ముగిసిన రోజు గుర్తుపెట్టాలి. వేడి ఆవిర్లు వచ్చిన రోజులు, మార్చిన ప్యాడ్ల సంఖ్య, వాడుతున్న మందుల పేర్లు దాని పక్కన రాయాలి. మళ్లీ పరీక్ష అవసరమైతే అదే ప్రయోగశాలలో, నెలసరి అదే రోజున చేయించాలి. పాత పత్రాలను పారవేయకుండా తేదీల వరుసలో కట్టి తీసుకువెళ్లాలి. ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షకు పరగడుపున ఉండనక్కరలేదు. దూరం నుంచి వచ్చే స్త్రీ ఆకలితో ప్రయాణించవలసిన పని లేదు, చక్కెర పరీక్ష కూడా ఉంటే మాత్రం ముందుగా అడిగి తెలుసుకోవాలి.