పొలిమేర కట్టడి: ధన్నూర సీమలో మహమ్మారుల నాటి బ్రతుకు

బీదరు జిల్లా భాల్కి తాలూకాలోని ధన్నూర, 1956 నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరుటకు పూర్వము, తన చుట్టుప్రక్కల పల్లెలతో గూడ మొదట నిజాము రాజ్యమునను, పిదప హైదరాబాదు రాష్ట్రమునను ఉండి, హైదరాబాదునే రాజధానిగా నెఱిగియుండెను. కావున ఈ సీమలోని రోగభయముల చరిత్రను ఆ నగరచరిత్రతో కలిపి చదువవలసియున్నది.

గత్తర (కలరా) వచ్చినదన్న వార్త చెవినిబడగానే గ్రామదేవతకు సాకపోసి, పొలిమేరలయందు బలి చల్లి, పరాయివానిని ఊరు చొరనీయకుండుట దక్కను పల్లెలలో పలుతావుల నుండిన ఆచారము. సికిందరాబాదు ఉజ్జయినీ మహాకాళి బోనాలకును 1813 నాటి గత్తరయే మూలమని జనశ్రుతి. దీనినంతయు మూఢవిశ్వాసమని త్రోసివేయువారు, ఆ నెపమున కొన్నాళ్లు రాకపోకలు నిలిచిపోవుచుండుటను గమనింపరు. అయినను, గత్తర నీటివెంట వచ్చునది. ఊరి బావియే చెడినప్పుడు పొలిమేర ఎంత గట్టిదైనను ఏమి ప్రయోజనము?

1896లో బొంబాయిని పట్టిన ప్లేగు దక్కనునకు ప్రాకి, 1911లో హైదరాబాదు నగరమును పీడించినప్పుడు, రక్షణమార్గము తలక్రిందులయ్యెను. జొన్నలు నిండిన పాతరల చెంత ఎలుకలు మెండు. ఇంటి దూలముమీదినుండి ఒక ఎలుక రాలిపడి కదలకున్నచో, దాని మేని గోమారులు మనుష్యులను వెదకికొనునన్న శాస్త్రము తెలియని వారు సైతము, చాపలు, కుండలు, పసిబిడ్డలను ఎత్తుకొని చేలలో గుడిసెలు వేసికొనిరి. అపాయము ఇంటిలోనే కలదు గనుక ఇల్లు విడుచుటయే క్షేమమయ్యెను. నగరమునందును జనులు వెలుపల గుడారములకు తరలిరి. ఇరుకు వాడలను తొలగించి గాలివెలుతురులుగల ఇండ్లను కట్టించుటకై 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. సర్కారు చేసిన పనులలో నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచునది ఇదియే. ఏలయన, అది రోగిని గాక రోగమును పెంచు వాడను దండించినది.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాకు ఆ చేని గుడిసెలును అక్కరకు రాలేదు. వానలు తప్పిన ఆ యేట, తిండికరవుతో కృశించిన దేహములపై అది విరుచుకొనిపడెను. 1911లో 1 కోటి 33 లక్షలుగా నుండిన నిజాము రాజ్య జనసంఖ్య 1921 నాటికి 1 కోటి 24 లక్షలకు దిగినది. ఈ తగ్గుదలకు ఇన్‌ఫ్లుయెంజాయే ముఖ్యకారణము. మశూచి మాత్రము టీకాలవలన క్రమముగా వెనుదీసి, 1975లో దేశమును విడిచినది.

2020లో కరోనా వచ్చినప్పుడు భారతదేశపు తొలి మరణము పొరుగు జిల్లాయగు కలబురగివానిదే. చికిత్సకై హైదరాబాదునకు గొనిపోబడి తిరిగివచ్చుచుండిన ఆ వృద్ధుడు మార్చి 10న కన్నుమూసెను. తరతరములుగా వైద్యమునకు, వ్యాపారమునకు, చుట్టరికమునకు ఈ సీమవారు నడచిన త్రోవ, జహీరాబాదు చెంత రెండు రాష్ట్రముల సరిహద్దయి మూతపడినది. ప్లేగునాడు ఇల్లు విడువుమన్న లోకము ఇప్పుడు ఇల్లు కదలవద్దనెను. అయితే బొంబాయి, పుణె నగరములలో కూలి చేసికొని తిరిగివచ్చిన బీదరు బిడ్డలకు ఆ ఇల్లును వెంటనే దక్కలేదు, బడులలో, వసతిగృహములలో దినములు గడపవలసివచ్చెను. ఇంటింటికి తిరిగి దగ్గు, జ్వరముల నడిగి వ్రాసికొనిన ఆశా కార్యకర్తలు కొన్నియెడల తిట్లును తినిరి.

ఆ మార్చిలో కర్ణాటక ప్రభుత్వము నిబంధనలు విధించుటకు ఆధారముగా గొనినది, బొంబాయి ప్లేగు కాలమున బ్రిటిషువారు చేసిన 1897 నాటి అంటువ్యాధుల చట్టమే. నాలుగే విభాగములుగల ఆ చట్టము అధికారికి రక్షణ నిచ్చినది. 2020 సవరణలో వైద్యసిబ్బందికిని రక్షణ చేరినది. పనిపాటలు మానుకొని మూసిన తలుపువెనుక కూర్చున్నవాని కూటిమాట మాత్రము అందు నేటికిని లేదు.